జేబులో ఉన్న కార్డు నంబరు పక్కవాడికి తెలిసిపోతుందా?

బస్సులో పక్కన నిలబడ్డవాడు స్వైపింగ్ మిషన్ మన జేబుకి ఆనించి డబ్బు లాగేస్తాడంటూ వాట్సాప్‌లో వీడియోలు తిరుగుతుంటాయి. నిజమేనా?

ముందు డబ్బు సంగతి. ట్యాప్ కార్డులో బ్యాటరీ ఉండదు. లోపల సన్నని తీగ చుట్ట ఉంటుంది. మిషన్ వదిలే 13.56 మెగాహెర్ట్జ్ తరంగాలతో ఆ తీగలో కరెంటు పుడితేనే చిప్ పనిచేస్తుంది. మామూలు మిషన్‌తో అయితే నాలుగైదు సెంటీమీటర్ల దూరంలోనే ఇది కుదురుతుంది. పిన్ లేకుండా ట్యాప్ చేసే పరిమితి 2021 జనవరి నుంచి 5,000 రూపాయలు. పైగా మిషన్ కావాలంటే వ్యాపారి ఖాతా ఉండాలి, డబ్బు చేరేదీ ఆ ఖాతాకే. బినామీ ఖాతాలకు మన దగ్గర కొదవ లేదు గానీ, ఒక్కో జేబూ తడుముతూ తిరిగే కష్టం కన్నా ఫోన్ చేసి ఓటీపీ అడగడమే దొంగకు సులువు.

నన్నడిగితే, ఆలోచించాల్సింది నంబరు గురించి. మిషన్ పలకరించగానే కార్డు తన నంబరు, గడువు తేదీ చెప్పేస్తుంది. అడిగేది ఎవరో చూసుకోదు. ఎందుకిలా? ఏ బ్యాంకును సంప్రదించాలో మిషన్‌కి తెలిసేది ఆ నంబరుతోనే. చిప్ కార్డుల నియమాలు 1990లలో రాసినప్పుడు కార్డును మిషన్‌లో పెట్టాల్సి వచ్చేది. అలా పెట్టడమే యజమాని ఒప్పుకున్నట్టు లెక్క. రేడియో తరంగాలతో పనిచేసే ట్యాప్ వచ్చాక ఆ ఒప్పుకోలు పోయింది, నంబరు దాచకుండా చెప్పే పద్ధతి మాత్రం మిగిలింది.

2006లో అమెరికాలో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయానికి చెందిన కెవిన్ ఫూ బృందం పరీక్షించిన తొలితరం కార్డులు యజమాని పేరు కూడా బయటపెట్టాయి, అదీ అంటించిన కవరులోంచే! 2012లో ఫ్రాన్స్‌లో రెనో లిఫ్షిట్జ్ ఇంకో అడుగు ముందుకేసి, ఇటీవలి ఖర్చుల చిట్టా కూడా చదవొచ్చని చూపించాడు. ఎక్కడ ఎంత ఖర్చుపెట్టామో పరాయివాడికి తెలియడం డబ్బు పోవడం కన్నా చిన్న విషయమేమీ కాదు. ఆ గొడవల తర్వాత కొత్త కార్డుల్లో పేరు, చిట్టా తీసేస్తూ వచ్చారు. వెనక ముద్రించిన మూడంకెల సీవీవీని చిప్ ఎప్పుడూ చెప్పదు. ట్యాప్ చేసినప్పుడు పుట్టే రహస్య సంకేతం కూడా ఒక్కసారికే చెల్లుతుంది. అయినా, ఓటీపీ అడగని విదేశీ వెబ్‌సైట్లు ఉన్నాయి కాబట్టి, అవసరం లేకపోతే విదేశీ లావాదేవీలు ఆపి ఉంచడం మంచిది.

మరి ట్యాప్‌నే ఆపేస్తే? ఆ వీలు ఇవ్వాలని 2020లోనే రిజర్వ్ బ్యాంకు బ్యాంకులను ఆదేశించింది. కానీ ఇందులో ఒక మెలిక ఉంది. యాప్‌లో మీరు నొక్కే మీట పనిచేసేది బ్యాంకు దగ్గర, చిప్‌లో కాదు. డబ్బు కదలదు, అంతే; కార్డు మాత్రం అడిగినవాడికల్లా నంబరు చెబుతూనే ఉంటుంది. దాని నోరు మూయాలంటే లోహపు రేకు అడ్డం పెట్టాలి. ఖరీదైన పర్సులు అక్కర్లేదు, వంటింట్లోని అల్యూమినియం రేకు చాలు. ఫోన్‌ను ట్యాప్ చేసి చెల్లిస్తే అసలు నంబరు బదులు టోకెన్ అనే మారు నంబరు వెళుతుంది, ఆ రకంగా అది మేలు.

మీరు చేయని ఖర్చుకు మెసేజ్ వస్తే మూడు పనిదినాల్లోపు బ్యాంకుకు చెప్పండి. తప్పు మీదీ బ్యాంకుదీ కాక బయటివాడిదైతే, 2017 నాటి రిజర్వ్ బ్యాంకు నియమం ప్రకారం నష్టం మీ మీద పడదు.