డిప్రెషన్‌ను రక్త పరీక్ష చెబుతుందా?

"రిపోర్టులన్నీ బాగానే ఉన్నాయి. నీకు ఏ జబ్బూ లేదు. చదవడం ఇష్టం లేక వేషాలేస్తున్నావు."

హాస్టల్లో చదివిన వాళ్లకు ఈ మాట కొత్త కాదు. వారాల తరబడి సరిగా తినకుండా, నిద్రపోకుండా, స్టడీ అవర్‌లో ఒకే పేజీ చూస్తూ కూర్చునే మిత్రుణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్తాం. రక్తం తీస్తారు. మలేరియా లేదు, టైఫాయిడ్ లేదు. అంతటితో అతనికి ఏమీ లేదని మనమే తేల్చేస్తాం. ఇది సరైన తీర్పేనా? డిప్రెషన్‌ను, అంటే మానసిక కుంగుబాటును, రక్త పరీక్షతో కనిపెట్టవచ్చా?

జీవసూచికల కోసం వెతుకులాట

శరీరంలో ఏం జరుగుతోందో కొలిచి చెప్పే గుర్తును బయోమార్కర్ లేదా జీవసూచిక అంటారు. మధుమేహానికి రక్తంలోని చక్కెర అలాంటిదే. డిప్రెషన్‌కు కూడా అలాంటి గుర్తు కోసం శాస్త్రజ్ఞులు దశాబ్దాలుగా వెతుకుతున్నారు.

1981లో అమెరికాలో బెర్నార్డ్ కారల్, ఆయన సహచరులు ఒక పరీక్షను ప్రతిపాదించారు. రాత్రి డెక్సామెథసోన్ మాత్ర ఇచ్చి, మర్నాడు రక్తంలో కార్టిసాల్ ఎంత ఉందో చూస్తారు. ఒత్తిడి కలిగినప్పుడు శరీరంలో పెరిగే హార్మోను ఇది. ఆ మాత్ర వేసుకుంటే కార్టిసాల్ తగ్గాలి. తీవ్రమైన కుంగుబాటు ఉన్న చాలామందిలో తగ్గలేదు. అయితే బరువు బాగా తగ్గినవారిలో, మద్యం మానేస్తున్నవారిలో కూడా ఇదే ఫలితం కనిపించింది. డిప్రెషన్ ఉన్న అనేకమందిలో కనిపించలేదు. అందుకే అది రోజువారీ వైద్యంలో నిలవలేదు.

మందు ఎంపికకు సాయం

ఆ తర్వాత పరిశోధన మరో దారి పట్టింది. శరీరంలో ఎక్కడైనా వాపు ఉంటే సి-రియాక్టివ్ ప్రోటీన్ (సి.ఆర్.పి.) అనే పదార్థం రక్తంలో పెరుగుతుంది. డిప్రెషన్ ఉన్నవారిలో కొందరికి ఇది ఎక్కువగా ఉంటుంది, అందరికీ కాదు. 2013లో అమెరికాలో మామూలు మందులకు లొంగని 60 మంది రోగులపై ఒక అధ్యయనం జరిగింది. వారిలో సగం మందికి కీళ్లవాతానికి వాడే ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఇచ్చారు. అందరినీ కలిపి చూస్తే ప్రయోజనం కనబడలేదు. సి.ఆర్.పి. లీటరుకు 5 మిల్లీగ్రాములు మించినవారిలో మాత్రం మేలు చేసే సూచనలు కనిపించాయి.

2014లో యూరప్ పరిశోధకులు మరో సంగతి చెప్పారు. సి.ఆర్.పి. 1 మిల్లీగ్రాము కన్నా తక్కువ ఉన్నవారికి ఎస్సిటాలోప్రామ్, అంతకన్నా ఎక్కువ ఉన్నవారికి నార్ట్రిప్టిలిన్ బాగా పనిచేశాయని. ఇవి ఇంకా పరిశోధన స్థాయిలోనే ఉన్నాయి. ఒకనాడు మందు ఎంపికకు ఉపయోగపడవచ్చు.

మరి ఇప్పుడు రక్తం ఎందుకు తీస్తారు?

డిప్రెషన్‌లా కనిపించే ఇతర లోపాలను పట్టుకోవడానికి. థైరాయిడ్ తగ్గినా, బి12 విటమిన్ లోపించినా, రక్తహీనత ఉన్నా నీరసం, నిరుత్సాహం, ఏకాగ్రత లేకపోవడం ఉంటాయి. ఈ లోపాలకు చికిత్స ఉంది. కాబట్టి ఈ పరీక్షలు అవసరమే. అయితే అవన్నీ నార్మల్‌గా వస్తే థైరాయిడ్ లోపం లేదని, రక్తహీనత లేదని మాత్రమే అర్థం. డిప్రెషన్ లేదని కాదు.

డిప్రెషన్‌ను డాక్టర్లు నేటికీ మాట్లాడే గుర్తిస్తారు. కనీసం రెండు వారాలుగా దిగులు లేదా దేనిమీదా ఆసక్తి లేకపోవడం, దానితోపాటు నిద్ర, ఆకలి మారిపోవడం, నీరసం, తాను పనికిరానివాణ్ణన్న భావన, చావు ఆలోచనలు ఉన్నాయేమో అడుగుతారు. మందులు, కౌన్సెలింగ్ రెండూ పనిచేస్తాయి. మందు గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. మధ్యలో సొంతంగా మానకూడదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీ గదిలో ఎవరైనా ఇలా కుంగిపోతుంటే రిపోర్టు చూపించి నోరు మూయించకండి. పక్కన కూర్చుని "ఏమైందిరా?" అని అడగండి, చెప్పేది చివరిదాకా వినండి. చావు మాట ఎత్తితే ఒంటరిగా వదలకండి. వెంటనే వార్డెన్‌కు చెప్పండి, ఆస్పత్రికి తీసుకెళ్లండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి-మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ నంబరును మీ గది తలుపు వెనుక రాసి పెట్టుకోండి.