కొలిమిలోనూ భూగర్భంలోనూ ఇనుము

ఇనుమును కాలుస్తూ పోతే, కరగడానికి చాలా ముందే, 912 డిగ్రీల సెల్సియస్ దగ్గర లోపలి పరమాణువుల వరస మారిపోతుంది. ముద్ద ముద్దగానే ఉంటుంది. ఒక్కో అమరికను ఒక్కో ప్రావస్థ అంటారు: 912కు లోపు ఫెర్రైట్, దాటాక ఆస్టెనైట్. వేడికి లోహాలు వ్యాకోచిస్తాయని బళ్లో చదువుకుంటాం. ఇనుము మాత్రం ఈ గడప దాటేటప్పుడు కొద్దిగా కుంచించుకుంటుంది. ఆస్టెనైట్‌లో పరమాణువులు మరింత దగ్గరగా ఒదుగుతాయి మరి.

కార్బన్ కలిస్తే ఇనుము ఉక్కవుతుంది. కార్బన్ 0.8 శాతం దాకా ఉంటే గడప 727 డిగ్రీలకు దిగుతుంది. ఆస్టెనైట్‌లో 2 శాతం దాకా కార్బన్ ఇముడుతుంది, ఫెర్రైట్‌లో 0.02 శాతానికి మించి పట్టదు. ఉక్కు నిదానంగా చల్లారితే మిగులు కార్బన్ ఇనుముతో కలిసి సిమెంటైట్ పొరలుగా విడిపోతుంది. కమ్మరి ఎర్రగా కాలిన కొడవలిని నీళ్లలో ముంచితే దానికి ఆ వ్యవధి దొరకదు. ఇరుక్కుపోయిన కార్బన్‌తో మార్టెన్‌సైట్ ఏర్పడుతుంది, కొడవలి గట్టిపడుతుంది. క్రోమియం 18, నికెల్ 8 శాతం కలిపిన స్టీలులోనైతే ఆస్టెనైట్ చల్లారాక కూడా నిలుస్తుంది. దానికి అయస్కాంతం పెద్దగా అంటుకోదు.

ఈ మార్పుల వెనక ఉన్న లెక్కను 1870లలో అమెరికాలోని యేల్ ఆచార్యుడు జోసయా విల్లార్డ్ గిబ్స్ తేల్చారు. శుద్ధ పదార్థంలో మూడు ప్రావస్థలు కలిసి నిలిచేది ఒక నిర్దిష్ట ఉష్ణోగ్రత, పీడనాల దగ్గరే. మరో మూలకం చేరితే ఒక వెసులుబాటు పెరుగుతుంది. శుద్ధమైన ఇనుము 1538 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కరిగితే, ఉక్కు కొన్ని డిగ్రీల మేర కరుగుతూ పోయేది అందుకే.

పీడనం పని వేరు. తక్కువ చోటు పట్టే ప్రావస్థ వైపే అది లోహాన్ని నెడుతుంది. ఆస్టెనైట్ ఇరుకైనది కనుక, పీడనం పెరిగేకొద్దీ 912 గడప కిందికి జారుతుంది. అయితే వాతావరణ పీడనానికి వేల రెట్లు ఉంటే తప్ప ఆ జారడం చెప్పుకోదగ్గంత కాదు. 1956లో లాస్ అలమోస్ ప్రయోగశాలకు చెందిన బాన్‌క్రాఫ్ట్, పీటర్సన్, మిన్‌షాల్ పేలుడు పదార్థాలతో ఇనుములోకి షాక్ తరంగాలు పంపారు. సుమారు 1,30,000 వాతావరణాల దగ్గర తరంగం చీలిపోయింది. ఇనుము ప్రావస్థ మారిందనడానికి అది గుర్తు. కొత్తది ఆస్టెనైటే అయివుంటుందని మొదట అనుకున్నారు. 1962లో షికాగోలో జేమీసన్, లాసన్ తీసిన ఎక్స్-రే చిత్రాలు ఆ ఊహను సరిదిద్దాయి: అది షట్కోణాకారంలో ఒత్తుగా పేర్చిన మూడో అమరిక.

భూమి నడిబొడ్డున ఉన్నది ప్రధానంగా ఇనుము, నికెల్‌ల మిశ్రలోహం. 5,000 డిగ్రీల వేడిలోనూ అది ఘనంగానే ఉంది, కారణం 33 లక్షల వాతావరణాలకు మించిన పీడనం. అక్కడి ఇనుముది కూడా ఆ షట్కోణపు అమరికేనని ఎక్కువమంది శాస్త్రజ్ఞుల అంచనా.