పసికందు పడక... ఖాళీగా ఉంటేనే క్షేమం

బారసాల అవుతూనే ఇల్లు కానుకలతో నిండిపోతుంది. చిన్న పరుపు, దానికి జతగా మెత్తటి దిండు, ఇరువైపులా పెట్టేందుకు గుండ్రటి బుల్లి దిండ్లు, ఉన్ని టోపీ, బొచ్చు బొమ్మ. తల గుండ్రంగా రావాలని అమ్మమ్మ కుట్టి తెచ్చిన ఆవాల దిండు సరేసరి. అన్నీ ప్రేమతో ఇచ్చినవే. కానీ బిడ్డ నిద్రపోయే వేళ ఇవేవీ పక్క మీద ఉండకూడదు.

అప్పటిదాకా ఆరోగ్యంగా ఉన్న ఏడాదిలోపు బిడ్డ నిద్రలోనే చనిపోవటం, అన్ని పరీక్షలూ చేసినా కారణం తెలియకపోవటం... దీన్నే వైద్యులు ‘సిడ్స్’ అంటారు. ఇది అరుదే. అయితే జరిగేది ఎక్కువగా 6 నెలల్లోపే. అందులోనూ 2-4 నెలల మధ్య ముప్పు ఎక్కువ. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన పిల్లలకు మరింత జాగ్రత్త అవసరం.

అసలేం జరుగుతుంది?

నిద్రలో ముక్కుకు దుప్పటి అడ్డుపడితే మనకు వెంటనే మెలకువ వస్తుంది. తల తిప్పుకొంటాం. కొందరు పసిపిల్లల్లో మెదడులోని ఈ మేల్కొలుపు వ్యవస్థ ఇంకా పరిణతి చెంది ఉండదు. బోర్లా పడుకున్నప్పుడు, ముఖం మెత్తటి దిండులో కూరుకుపోయినప్పుడు వదిలిన గాలినే మళ్లీ పీల్చుకుంటారు. ఆక్సిజన్ తగ్గుతున్నా మెలకువ రాకపోవచ్చు.

పిల్లలను బోర్లా పడుకోబెట్టమని ఒకప్పుడు పాశ్చాత్య దేశాల్లో వైద్యులే చెప్పేవారు. అది ప్రమాదమని అధ్యయనాల్లో తేలాక బ్రిటన్‌లో 1991లో, అమెరికాలో 1994లో ‘వెల్లకిలా పడుకోబెట్టండి’ అంటూ పెద్దఎత్తున ప్రచారం చేపట్టారు. అమెరికాలో కొన్నేళ్లలోనే సిడ్స్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. కొత్త మందేమీ రాలేదు. పడుకోబెట్టే తీరు మారిందంతే.

పాలు కక్కితే?

పెద్దవాళ్లు ముందుగా అడిగేది ఇదే. వెల్లకిలా పడుకున్నప్పుడు శ్వాసనాళం పైన, అన్నవాహిక కింద ఉంటాయి. కక్కిన పాలు పైనున్న శ్వాసనాళంలోకి ఎక్కటం కష్టం. కాబట్టి భయం అక్కర్లేదు. పాలు పట్టాక భుజాన వేసుకొని తేన్పు వచ్చాక పడుకోబెడితే చాలు. పక్కకు తిప్పి పడుకోబెట్టటమూ మంచిది కాదు. అక్కడి నుంచి బోర్లా దొర్లిపోవటం తేలిక.

మరి తల చదునవుతుందేమోనన్న బెంగ? దానికి ఆవాల దిండు అవసరం లేదు. మెలకువగా ఉన్నప్పుడు, మన కళ్లెదుట, రోజూ కాసేపు బోర్లా పడుకోబెట్టి ఆడించండి. మెడ కండరాలూ బలపడతాయి.

పక్క ఎలా ఉండాలి?

* పరుపు గట్టిగా, చదునుగా ఉండాలి. దుప్పటి బిగుతుగా పరచాలి. దిండ్లు, బొంతలు, బొమ్మలు తీసేయాలి.

* చీర ఉయ్యాలలో వీపు వంగి, గడ్డం ఛాతీకి ఆనుతుంది. దాంతో శ్వాసదారి నొక్కుకుపోవచ్చు. నిద్ర పట్టాక చదునైన పక్క మీదికి మార్చండి. కారు సీటులో నిద్రపోయినా ఇంతే.

* బిడ్డ అమ్మ గదిలోనే, చేతికందేంత దూరంలో, వేరే పక్క మీద ఉండటం మేలు. కనీసం తొలి 6 నెలలైనా ఇలా చేయాలి. సోఫాలో బిడ్డను ఒళ్లో పెట్టుకొని కునుకు తీయటం చాలా ప్రమాదం.

* ఇంట్లో నిద్రపోయేటప్పుడు టోపీ, మందపాటి దుప్పటి వద్దు. ఒళ్లు అతిగా వేడెక్కటమూ ముప్పే. చేతులు చల్లగా ఉన్నాయని కంగారుపడొద్దు. మెడ వెనక తాకి చూడండి. చెమట పడుతుంటే బట్టలు ఎక్కువైనట్టే. తక్కువ బరువు పిల్లల విషయంలో డాక్టర్ చెప్పినట్టు చేయాలి.

* దోమతెర వాడొచ్చు. అది ముఖం మీద పడకుండా బిగువుగా ఉండాలి.

* గుడ్డలో చుట్టే అలవాటుంటే, బిడ్డ దొర్లే ప్రయత్నం మొదలుపెట్టగానే మానేయాలి.

* గర్భిణిగా ఉన్నప్పుడూ, కాన్పయ్యాకా సిగరెట్ పొగ దగ్గరికి రానీయొద్దు. తల్లిపాలు సిడ్స్ ముప్పును తగ్గిస్తాయి.

బిడ్డ తనంతట తాను అటూ ఇటూ దొర్లటం వచ్చాక నిద్రలో బోర్లా తిరిగితే పదేపదే సరిచేయక్కర్లేదు. పడుకోబెట్టేటప్పుడు మాత్రం వెల్లకిలానే. పెదాలు నీలంగా మారినా, ఊపిరి కాసేపు ఆగినట్టు అనిపించినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఒక్కోసారి జరగరానిది జరగొచ్చు. అలాంటప్పుడు తల్లిని నిందించటం తగదు. మన చేతిలో ఉన్నది ముప్పును తగ్గించటం. అందుకే బిడ్డను చూసుకునే నానమ్మకూ, ఆయాకూ ఈ విషయాలన్నీ ముందే చెప్పండి. అమ్మమ్మ తెచ్చిన ఆవాల దిండు జ్ఞాపకంగా బీరువాలో ఉండొచ్చు. బిడ్డ తల కింద మాత్రం వద్దు.