వెండితెర ముందు బాలిక

మా మారేడుమిల్లి కొండలకు చలనచిత్రములవారి రాక క్రొత్త కాదు. 2021లో విడుదలయైన ‘పుష్ప’ చిత్రమున గానవచ్చు నడవులలో నీ ప్రాంతపువియు గలవు. చిత్రములలోని యడుగులను తామును వేసి, చేతి ఫోనులో పట్టి, లోకమునకు పంపు బాలికలు నేడెల్లెడల గలరు. వారినిగూర్చి రెండు మాటలు చెప్పదలచితిమి.

నటనము తప్పని మేమనము. విరాటరాజు కూతురుత్తర నాట్యము నేర్వలేదా? అయినను రాజు బృహన్నలను పరీక్షింపకయే బిడ్డనప్పగింపలేదు. పిమ్మట నుత్తరను పరిగ్రహింపుమని కోరినపుడు, శిష్యురాలు కూతువంటిదని తలచి యర్జునుడామెను కోడలిగా గైకొనెను. కళ నేర్పువాడే కావలియు గావలయునని యిందలి నీతి.

మన టాకీల తొలినాళ్లను చూడుడు. 1936లో చిత్తజల్లు పుల్లయ్యగారు బాలబాలికలచేతనే ‘సతీ అనసూయ’, ‘ధ్రువ విజయము’ నటింపజేసిరి. ‘అనసూయ’లో నటించిన కృష్ణవేణిగారికి నాటికి పండ్రెండేండ్లు నిండలేదు. ఆమెయే 1949లో ‘మనదేశము’ నిర్మించి నందమూరి తారకరామారావుగారిని తెరకు దెచ్చిరి. నూరేండ్ల నిండు జీవితము గడపి 2025లో కీర్తిశేషులైరి. 1939లో ‘వరవిక్రయము’న కాళిందియైన భానుమతిగారును బాలికయే. నటులెవ్వరును తన కుమార్తెను తాకరాదని తండ్రిగారు నియమము పెట్టిరని ప్రసిద్ధి. ఇది కొందరికి చాదస్తముగా దోచవచ్చును. కాని యా వయస్సు పిల్ల తాను నోరు తెరచి చెప్పజాలని మాటను తండ్రి ముందుగా జెప్పెను.

నేటి బాలికకో, ఇంటిమూలయే రంగస్థలము, ప్రేక్షకులెవరో తెలియదు. నిన్న వేయిమంది మెచ్చి నేడు పదిమందియే మెచ్చిన, ‘నాలో లోపమేమి?’ యని క్రుంగును. మెచ్చినవారిలో నొకడు చాటుగా జాబు వ్రాసి మఱియొక ఛాయాచిత్రమడుగును. తల్లి మాత్రము బిడ్డ చదువుకొనుచున్నదనుకొనును.

చట్టము లేకపోలేదు. 2016 సవరణచట్టము, 2017 నియమములనుబట్టి, పదునాలుగేండ్లు నిండని బాలనటులచేత దినమునకైదు గంటలకు మించి పనిచేయింపరాదు. మూడు గంటలకొకసారియైన విశ్రాంతి నీయవలయును. ఆదాయమున నైదవవంతు కనీసము బిడ్డ పేర బ్యాంకులో నుంచవలయును. ఇష్టము లేనిచో నటింపజేయరాదు. కాని పదునాలుగు దాటినవారికీ నియమములు వర్తింపవు. మనస్సు మిక్కిలి సుకుమారమైన వయస్సదియే కదా! పదునెనిమిదేండ్లలోపు వారిపై లైంగిక నేరములను 2012 పోక్సో చట్టము శిక్షించును. ఆపదలో 1098కు ఫోను చేయవచ్చును. అయినను శిక్ష కీడు జరిగిన పిమ్మటిది; కావలి ముందటిది. అది తల్లిపని.

అట్లని ఫోను లాగికొన్న లాభము లేదు; బిడ్డ చాటు నేర్చును. ప్రక్కన గూర్చుండి, ‘ఎవరు చూచిరి? ఎవరేమి వ్రాసిరి?’ యని చెలివలె నడుగుడు. ఎంత పెద్దవాడడిగినను ‘వల్ల కాద’నుట నేర్పుడు. తప్పు జరిగినను తిట్టరను నమ్మకము కలిగింపుడు. ఆ నమ్మకమున్న పిల్లయే తొలినాడే వచ్చి చెప్పును.

ఆటపాటలకు దెలిసినవారి సభలు చూపుడు: బడి వార్షికోత్సవము, ఊరి పండుగ. అరకు సీమ థింసాలో స్త్రీలు ఒకరినొకరు పట్టుకొని వరుసగా నాడుదురు. అడుగు తప్పిన పిల్లను ప్రక్కచేయి నిలుపును, చప్పట్లొక్కతెవి కావు. మన బాలికలకు గావలసిన కీర్తి యట్టిది.