వేప అంటే పురుగులకెందుకు పడదు?

మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట వైపు పల్లెల్లో బియ్యం డబ్బాలో ఎండిన వేపాకులు వేస్తారు. మరి, పురుగులు చేదుకే పారిపోతాయా? చేదు ఒక్కటే కాదు పిల్లలూ!

1959లో సూడాన్‌లో మిడతల దండు కనిపించిన పచ్చదనమల్లా మేసేసింది. వేపచెట్లను మాత్రం వదిలేసింది! జర్మన్ శాస్త్రవేత్త హైన్రిష్ ష్ముట్టరర్ అది గమనించాడు. 1968లో ఇంగ్లండ్ పరిశోధకులు వేపగింజలోంచి అజాడిరాక్టిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు.

అదేం చేస్తుంది? మొదట, చాలా పురుగులకు తిండి మీద ఇష్టం పోగొడుతుంది.

తిన్నవాటికి ఇంకో చిక్కు. పోయినేడాది యూనిఫాం మీకు బిగుతైనట్టే, ఎదిగే పురుగుకు పాత చర్మం ఇరుకవుతుంది. దాన్ని విడిచేయాలి. 'ఇక విడువు' అని ఒంట్లో కబురు పంపేది ఒక హార్మోన్. అజాడిరాక్టిన్ ఆ కబురు సరిగా అందనివ్వదు. పురుగు పాత చర్మంలోనే చిక్కుకుని చచ్చిపోతుంది.

అందుకే రైతులు 5 కిలోల వేపగింజల పొడిని గుడ్డలో మూటగట్టి, రాత్రంతా నీళ్లలో నానబెట్టి పిండుతారు. తెల్లటి కషాయం దిగుతుంది. 100 లీటర్లయ్యేలా నీళ్లు పోసి, ఆకుకు పట్టుకునేలా కాస్త సబ్బు కలిపి సాయంత్రం చల్లుతారు. ఎండ తగిలితే అజాడిరాక్టిన్ త్వరగా పాడైపోతుంది మరి!