పక్షవాతం వార్డులో మూడో రాత్రి

ఆర్మూర్ పక్క పల్లె నుంచి డెబ్బై దాటిన పసుపు రైతు ఒకాయన్ని నిజామాబాద్ పెద్దాసుపత్రికి తెచ్చారనుకుందాం. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మూతి ఒక పక్కకు వంకరపోయింది. స్కానింగ్ తీశారు, మందులు మొదలయ్యాయి, రెండు రోజులు అందరినీ గుర్తుపట్టి మాట్లాడాడు. మూడో రాత్రి సెలైన్ సూది పీకేశాడు. "కడాయి పెట్టుండ్రి, కొమ్ములు ఉడకబెట్టాలె" అంటూ మంచం దిగబోయాడు. గోడ మీద పురుగులు పాకుతున్నాయన్నాడు. కన్నకొడుకును చూసి ఎవడివిరా నువ్వు అన్నాడు. వార్డులో తలా ఒక మాట. మతి పోయిందని ఒకరు, గాలి సోకిందని ఒకరు, ఇంక ఇంటికి తీసుకుపోండని ఇంకొకరు.

ఆయనకు పిచ్చి పట్టలేదు. డాక్టర్లు దీన్ని డెలీరియం అంటారు, పల్లెల్లో సంధి అంటారు. ఉన్నట్టుండి కొన్ని గంటల్లో, మహా అయితే ఒకటి రెండు రోజుల్లో మొదలవుతుంది. పొద్దున కాస్త తేటగా ఉంటారు, చీకటి పడ్డాక ముదురుతుంది. వేర్వేరు దేశాల పరిశోధనలను కలిపి చూస్తే, పక్షవాతంతో ఆసుపత్రిలో చేరినవాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరికి ఇది వస్తోంది. వచ్చినవాళ్లు ఎక్కువ రోజులు మంచం మీద ఉండాల్సి వస్తోంది, వాళ్లలో చావులూ ఎక్కువే. అయితే దీని వెనక చాలాసార్లు వెతికితే దొరికే కారణం ఉంటుంది, సరిచేస్తే మనిషి తేరుకుంటాడు. అందుకే ఈ రైతును ఆ రాత్రి ఇంటికి తీసుకుపోవడం చాలా పెద్ద పొరపాటవుతుంది.

అరిచి గోల చేసేవాళ్లను అందరూ గమనిస్తారు. గోడవైపు తిరిగి పడుకుని, పిలిస్తే కళ్లు సగం తెరిచి మళ్లీ మూసుకునేవాళ్ల సంగతి వేరు. "పాపం, అలసిపోయింది, నిద్రపోనియ్యండి" అనుకుంటాం. అదీ డెలీరియమే కావచ్చు. చప్పుడు చేయదు కాబట్టి ఆలస్యంగా బయటపడుతుంది, నష్టం మాత్రం తక్కువ కాదు.

ఎవరికి వస్తుందన్నది రెండు వైపుల నుంచి చూడాలి. ఒకటి, మెదడు ముందే ఎంత బలహీనపడి ఉంది. రెండు, ఇప్పుడు దాని మీద ఏం వచ్చి పడింది. పాత చెరువు కట్ట చిన్న వానకే తెగినట్టు, ముందే అలిసిన మెదడుకు చిన్న కారణం చాలు. వయసు పైబడడం, అంతకుముందే మతిమరుపు ఉండడం, లోగడ ఒకసారి పక్షవాతం వచ్చి ఉండడం, చూపూ వినికిడీ తగ్గడం ఈ బలహీనత కిందికి వస్తాయి. కొత్తగా వచ్చిన పక్షవాతం ఎంత పెద్దదైతే ముప్పు అంత ఎక్కువ. మెదడులో రక్తస్రావమైనవాళ్లలో, మాట పడిపోయినవాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది. మెదడు కుడి భాగం దెబ్బతిని ఎడమ పక్క పడిపోయినవాళ్లలోనూ ఎక్కువేనని చాలా పరిశోధనలు చెబుతున్నాయి. వీళ్లలో కొందరికి ఎడమవైపు ఒక లోకం ఉందన్న స్పృహే ఉండదు. ఆ పక్క నిలబడి పిలిస్తే పలకరు. కొత్త చోటు, సగం లోకం మాయం, దానికి తోడు రాత్రి. మనసు తడబడకుండా ఎలా ఉంటుంది?

ఇక మీద వచ్చి పడేవి. పక్షవాతంలో మింగే శక్తి తగ్గుతుంది. పడుకోబెట్టి పాలో గంజో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా వస్తుంది. ముసలివాళ్లలో నిమోనియా ఒక్కోసారి దగ్గు, జ్వరం కంటే ముందు ఈ సంధి మాటలతోనే బయటపడుతుంది. మూత్రం బిగబట్టుకుపోవడం, గొట్టం వల్ల మూత్రంలో ఇన్ఫెక్షన్, నాలుగు రోజులుగా విరేచనం కాకపోవడం, రక్తంలో సోడియం పడిపోవడం, షుగర్ మరీ తగ్గడమో పెరగడమో, చెప్పుకోలేని నొప్పి, రాత్రంతా లైట్లు, నిద్రలేమి, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. దురదకో జలుబుకో ఇచ్చే మత్తు కలిగించే మాత్రలు, నిద్రమాత్రలు కూడా. మెదడులో వాపు పెరగడం, మళ్లీ రక్తస్రావం కావడం కూడా ఇలాగే మొదలవుతాయి కాబట్టి డాక్టరు మొదట వాటిని తోసిపుచ్చాలి.

ఇవి ఏ దేశపు వార్డులోనైనా ఉండేవే. మన దగ్గర వీటితో పాటు ఇంకొకటి ఉంది. అది చాలాసార్లు కేసు షీటులోకి ఎక్కదు. అది కల్లు.

చెట్టు కల్లు సంగతి కాదు, కాంపౌండులో సీసాల్లో అమ్మే కల్తీ కల్లు సంగతి. తెలంగాణలో చాలాచోట్ల దానిలో ఆల్ప్రాజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపి అమ్మడం, ఎక్సైజ్ వాళ్లు పట్టుకోవడం ఏళ్ల తరబడి నడుస్తున్న కథ. ఇవన్నీ నిద్ర, మత్తు మందులు. ఏళ్లుగా రోజూ తాగినవాళ్ల మెదడు వీటికి అలవాటుపడిపోతుంది. 2015 సెప్టెంబరులో ప్రభుత్వం దాడులు ముమ్మరం చేయగానే మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల ఆసుపత్రులకు జనం వరుస కట్టారు. వణుకు, ఫిట్స్, ఒళ్లు తెలియని మాటలు. కొందరి ప్రాణాలూ పోయాయి. కల్లు దొరకక వచ్చిన జబ్బు అది.

పక్షవాతం వచ్చి ఆసుపత్రిలో చేరిన మనిషికి కల్లు ఆ రోజే ఆగిపోతుంది. సాధారణంగా ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య వణుకు, చెమటలు, గుండెదడ, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. తర్వాత లేనివి కనిపించడం, ఫిట్స్. బీపీ పెరుగుతుంది, పక్షవాతం రోగికి అది అదనపు గండం. మన రైతుకు మూడో రాత్రే గోల మొదలైందంటే ముందు అడగవలసిన ప్రశ్న ఇదే.

అడగడం ఎందుకు ముఖ్యమంటే, వైద్యమే మారిపోతుంది. నిమోనియా వల్లో సోడియం తగ్గడం వల్లో వచ్చిన డెలీరియానికి మత్తు ఇంజెక్షన్లు ఇస్తే చాలాసార్లు ఇంకా ముదురుతుంది. కల్తీ కల్లు ఆగడం వల్ల వచ్చినదానికి మాత్రం ఆ జాతి మందునే లెక్క ప్రకారం ఇచ్చి మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. ఒకరికి కీడు చేసే మందే ఇంకొకరి ప్రాణం నిలుపుతుంది. ఏది ఎవరికన్నది తేలాలంటే ఇంటివాళ్లు నోరు విప్పాలి.

ఇంటివాళ్లు చెప్పరు. బంధువుల ముందు తలవంపులని కొందరు, కల్లు కూడా ఒక మందేనా అని కొందరు. అవ్వల సంగతైతే అడిగేవాళ్లే ఉండరు. పొద్దంతా బీడీలు చుట్టి, సాయంత్రం ఒక సీసా తాగి పడుకునే ఆడవాళ్లు ఈ జిల్లాలో ఊరూరా ఉన్నారు. రోజుకు ఎన్ని సీసాలు, ఎన్నేళ్లుగా, ఆఖరిసారి ఎప్పుడు అన్న మూడు సంగతులూ చేరిన రోజే డాక్టరుకు చెప్పండి. మద్యమో సారానో తాగే అలవాటు ఉన్నా అంతే. గొడవ ఆగుతుందని ఇంటి నుంచి సీసా తెచ్చి చాటుగా పట్టించడం మాత్రం చేయొద్దు. మింగలేని మనిషికి అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, పైగా మత్తు ముసుగులో ఏ ప్రమాదమూ బయటపడదు.

రాకుండా ఆపడానికీ దారి ఉంది. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన షారన్ ఇనూయీ బృందం డెబ్బై ఏళ్లు, ఆపై వయసున్న 852 మంది రోగుల మీద చేసిన అధ్యయనం 1999లో అచ్చయింది. వాళ్లు చేసినవి మామూలు పనులు: రోజూ చోటూ తేదీ గుర్తుచేయడం, నడిపించడం, కళ్లద్దాలు పెట్టడం, నీళ్లు తాగించడం, రాత్రి మాత్ర లేకుండా నిద్రపుచ్చడం. మామూలు వైద్యం అందినవాళ్లలో 15 శాతం మందికి డెలీరియం వస్తే, ఈ పనులు చేసినవాళ్లలో 9.9 శాతం మందికే వచ్చింది. అది పక్షవాతం రోగుల కోసమే చేసింది కాదు, అయినా ఆ పనులన్నీ ఇక్కడా పనికొస్తాయి. పైగా మన వార్డుల్లో మంచం పక్కన ఇంటిమనిషి ఉంటారు. అది చాలా పెద్ద బలం.

అవ్వ కళ్లద్దాలు, తాత చెవి మిషన్ ఇంట్లో మరిచి రావొద్దు. "బాపూ, ఇది నిజామాబాద్ దవాఖాన. ఇయ్యాల సోమవారం. నీ ఎడమ చెయ్యికి పక్షవాతమచ్చింది. నేను ఈడనే ఉన్న" అని రోజుకు పదిసార్లయినా మెల్లగా చెప్పండి. పురుగులున్నాయంటే లేవని వాదించొద్దు, ఉన్నాయని తలూపొద్దు, చెయ్యి పట్టుకుని మాట మార్చండి. దుబాయిలో ఉన్న కొడుకు వీడియో కాల్ పగలు చేయడం మేలు. చుట్టాలంతా ఒక్కసారే మీద పడొద్దు. మింగడం పరీక్షించి నర్సు సరేనన్నాకే, కూర్చోబెట్టి తినిపించాలి. చేతులు మంచానికి కట్టేస్తే భయం పెరిగి పెనుగులాట ఎక్కువవుతుంది, కట్టే బదులు ఒక మనిషిని పక్కన కూర్చోబెట్టండి.

కనిపెట్టడానికి డాక్టర్లకు చిన్న పరీక్షలున్నాయి. డిసెంబరు నుంచి నెలల పేర్లు వెనక్కి చెప్పించడం వాటిలో ఒకటి. చదువుకోనివాళ్ల చేత వారాల పేర్లు వెనక్కి చెప్పించి చూడొచ్చు. మాట పడిపోయినవాళ్ల దగ్గర ఇవేవీ సాగవు. అక్కడ ఇంటివాళ్ల మాటే పరీక్ష: మనిషి నిన్నటికంటే ఈ రోజు తేడాగా ఉన్నాడా? ఉన్నాడనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే డ్యూటీ డాక్టరును పిలవండి.

తేరుకోవడానికి కొందరికి రోజులు, కొందరికి వారాలు పడుతుంది. మతిమరుపు మిగిలితే కొన్ని నెలల తర్వాత మళ్లీ చూపించాలి. కల్లు వల్ల వచ్చిందని తేలినవాళ్లు డిశ్చార్జి రోజునే మానసిక వైద్య విభాగానికి వెళ్లి, మందు ఎన్నాళ్లు, ఎలా తగ్గించాలో రాయించుకోవాలి. ఆ మాత్రలు సొంతంగా ఆపేస్తే ఇంట్లోనే ఫిట్స్ రావచ్చు. ఊరికి చేరాక సందేహం వస్తే 14416కు ఫోన్ చేయొచ్చు. అది ప్రభుత్వ టెలి మానస్ నంబరు. రాత్రైనా పగలైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు.