కడుపులో నీటితిత్తి: సూది గుచ్చేముందు ఒక్కమాట

పొట్టలో గడ్డ అనగానే క్యాన్సరని బెంబేలెత్తేవారు కొందరు, గ్యాసేలెమ్మని సోడా తాగి ఊరుకొనేవారు కొందరు. ఈ రెండూ కానిది మరొకటి ఉంది. గొర్రెలు, మేకలు ఎక్కువగా ఉన్న మన అనంతపురం సీమవాసులు దాన్ని తప్పక తెలుసుకోవాలి.

కళ్యాణదుర్గం వైపు నుంచి నలభై ఏళ్ల ఇల్లాలు ఒకామె పొత్తికడుపులో గడ్డతో వచ్చింది. అండాశయంలో నీటిగడ్డ అని, సూదితో నీరు లాగేస్తే చాలని ఎవరో చెప్పారట. "గోటితో పోయేదానికి గొడ్డలెందుకు సార్, ఆ సూదేదో మీరే వేయండి" అంది.

"ఇంట్లో కుక్కలున్నాయా అమ్మా?" అని అడిగాను.

"మందకు రెండు కుక్కలున్నాయి సార్."

స్కానింగు చేయిస్తే పెద్ద తిత్తిలో పిల్లతిత్తులు కనిపించాయి. కాలేయంలోనూ ఒకటుంది. ఇదే హైడాటిడ్ వ్యాధి. కర్నూలు ప్రాంతంలో ఈ వ్యాధి వ్యాప్తి గురించి 1968లోనే పరిశోధన వెలువడింది. అంటే మన సీమకిది కొత్త కాదు.

ఇది ఎలా వస్తుంది? గొర్రెను కోసినప్పుడు కార్జంలో, ఊపిరితిత్తుల్లో నీటిబుడగలుంటే పారేస్తాం. కుక్క తింటుంది. దాని పేగుల్లో చిన్న బద్దెపురుగులు పెరుగుతాయి. వాటి గుడ్లు మలంతో బయటపడి మట్టిలో, గడ్డిలో, కుక్క బొచ్చులో ఉంటాయి. అక్కడినుంచి మన చేతికి, నోటికి చేరుతాయి. మాంసం తిన్నందువల్ల మనిషికి ఈ జబ్బు రాదు. శాకాహారులకూ రావచ్చు.

గుడ్డులోని పిల్ల పేగు గోడను తొలుచుకొని, రక్తంతో ముందు కాలేయానికి చేరుతుంది. అందుకే తిత్తులు ఎక్కువగా అక్కడే ఉంటాయి. అది దాటితే ఊపిరితిత్తులు. ఆ రెండూ దాటినవి ప్లీహంలో, మూత్రపిండంలో, పొత్తికడుపులో ఎక్కడైనా స్థిరపడవచ్చు. కాలేయంలోని తిత్తి చిట్లినా పొట్టంతా విత్తనాలు చల్లినట్లే. ఏళ్ల తరబడి నొప్పి ఉండదు. అందుకే చాలామంది ఆలస్యంగా వస్తారు.

రక్తపరీక్షలో ఏమీ లేదని వచ్చినా జబ్బు లేదని నమ్మడానికి లేదు. స్కానింగే ముఖ్యం. అవసరమైతే సి.టి. తీయించాలి. అనుమానమున్న తిత్తిలో తెలియక సూది గుచ్చితే నీరు కారి, ప్రాణాంతకమైన ఎలర్జీ రావచ్చు. కాలేయంలోని కొన్ని తిత్తులకు స్కానింగు చూస్తూ, మాత్రల రక్షణతో, నిపుణులు సూదివైద్యం చేస్తారు. అది వేరు.

చిన్న తిత్తులకు ఆల్బెండజోల్ మాత్రలు చాలవచ్చు. నులిపురుగులకు ఒక్కరోజు మింగినట్లు కాదు, నెలల తరబడి, కాస్త నూనె, నెయ్యి ఉన్న భోజనంతో వేసుకోవాలి. మధ్యమధ్య రక్తపరీక్షలు తప్పవు. గర్భిణులు వాడకూడదు. పెద్దవాటికి, పిల్లతిత్తులున్నవాటికి తరచు ఆపరేషను కావాలి. సున్నంలా గట్టిపడి, బాధపెట్టనివాటిని ఊరికే కనిపెట్టుకొని ఉంటే చాలు.

జాతరకు పొట్టేలును కోసినా సరే, పనికిరాని భాగాలను కుక్కలకు వేయకండి. లోతుగా పాతిపెట్టండి. పశువైద్యుణ్ణి అడిగి కుక్కలకు ప్రాజిక్వాంటెల్ మందు క్రమం తప్పకుండా వేయించండి. అన్నానికి ముందు సబ్బుతో చేతులు కడగండి. ఆకుకూరలు శుభ్రంగా కడగండి.

ఆ ఇల్లాలికి మాత్రలు మొదలుపెట్టి, తర్వాత ఆపరేషను చేశాం. కులాసాగా ఉంది. ఏటా స్కానింగుకు వస్తుంది. వచ్చినప్పుడల్లా నేను ముందు అడిగేది ఒక్కటే: "కుక్కలకు మందు వేయించావా అమ్మా?"